బాపట్లలో నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీలో కొంతమంది ఈ సాక్ష్యం ఒకసారి విన్నారు. నిరుడు వేసవిలో బాపట్ల కూడికలో, నేను తెచ్చి బిగించిన మైకులోనే, నా నోటితోనే విన్నారు, విని చప్పట్లు కొట్టారు, స్తోత్రం చెప్పారు, కొంతమంది తల్లులు కొంగుతో కళ్ళు తుడుచుకోవడం స్టేజీ మీద నుంచి నేను చూశాను కూడా. ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. తల దించుకుని రాస్తున్నాను, చదివాక మీరు నన్ను ఏమనుకున్నా అనుకోండి, పైన ఉన్నవాడికి ముందే తెలుసు.

నేను రేపల్లెలో మైకుసెట్టు, లైటింగు పని చేసుకునేవాణ్ణి. కూడికలన్నా, పెళ్ళిళ్ళన్నా మా ఇంటికే కబురొస్తుంది. సంఘంలో పిల్లలు నన్ను మైకు మామయ్య అంటారు. ఆ పేరు పనిని బట్టి వచ్చింది గానీ, అసలు సంగతి ఏంటంటే నా నోరే ఒక మైకుసెట్టు, లోపలికి చిన్న మాట వెళ్తే బయటికి పదింతలై వస్తుంది. మా వీధి చివర కాలువలో నా మైకు జారిపడితే ఒక కొరమేను మింగేసిందనీ, మూడు రోజుల పాటు కాలువ కాలువంతా "హలో, హలో, టెస్టింగ్" అని వినిపించిందనీ చెప్పింది నేనే. అడవులదీవిలో మైకు హారను సముద్రం వైపు తిప్పి కడితే ప్రసంగం వేటలో ఉన్న పడవల దాకా వెళ్ళి, జాలరులు వలలు మధ్యలో వదిలేసి మారుమనస్సు పొంది ఒడ్డుకొచ్చారని చెప్పిందీ నేనే. నవ్వుకున్నారు కదూ? నవ్వుకునేవాళ్ళు ఉంటే నాకు అన్నం కూడా అక్కర్లేదు. ఈ బలహీనతని నేను దేవుడిచ్చిన తలాంతు అనుకుని ఇన్నేళ్ళు బతికాను.

ఇక మా అమ్మాయి. తన పేరు ఇక్కడ రాయను, అది తను పెట్టిన షరతు. ఇది అచ్చుకి పంపే ముందు తను చదివి కొన్ని వాక్యాలు కొట్టేసింది. కొట్టేసినవన్నీ నేను నన్ను కాస్త మంచివాడిగా చూపించుకున్నవే!

అప్పుడు తను తెనాలిలో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం చదువుతోంది. వేసవి సెలవులకి ఇంటికొచ్చింది. రేపల్లె ఎండలు మీకు తెలుసు, మే నెలలో పొద్దున్న తొమ్మిదికే ఒళ్ళు జిడ్డు కారిపోతుంది, అలాంటిది మా అమ్మాయి నిండు చేతుల డ్రస్సు తప్ప వేసుకోదు. ఒకరోజు తలంటు పోస్తూ మా ఆవిడ చూసింది. చూసి, చేతికి కుంకుడు నురగ అలాగే ఉండగా నా దగ్గరికొచ్చింది.

"ఏమండీ, దాని ఎడం చెయ్యి చూశారా?"

చూశాను. మోచేతి కింద వరసగా గీతలు, కొన్ని మానినవి, కొన్ని మానుతున్నవి. అవి పడి తగిలిన దెబ్బలు కావని ఏ తండ్రికైనా తెలుస్తుంది. "ఏంటమ్మా ఇది?" అన్నాను. "ఏం లేదు నాన్నా" అంది. సహోదరులారా, ఇక్కడే నా మొదటి సిగ్గు రాసుకుంటున్నాను: ఆ 'ఏం లేదు' అన్న మాట నా చెవికి ఎంత హాయిగా వినిపించిందో! ఇంకో ప్రశ్న అడగాల్సిన బాధ్యత తప్పిపోయినట్టు లేచి వెళ్ళి ఆంప్లిఫయరు దుమ్ము తుడుచుకున్నాను. మా ఆవిడ గుమ్మంలో అలాగే నిలబడి ఉంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా స్త్రీల సమాజం నడిపించే హేమలతక్క అందరికీ చెయ్యి కలుపుతూ మా అమ్మాయి దగ్గరికొచ్చింది. చెయ్యి పట్టుకునేసరికి డ్రస్సు చేతి అంచు పైకి జరిగింది.

"అయ్యో, ఏంటమ్మా చేతికి?"

మా అమ్మాయి తల ఎత్తింది. నోరు తెరిచింది. నేను వెనక నుంచి అడ్డం పడిపోయాను. "కుక్కండి అక్కా! రొయ్యల చెరువు గట్టు మీద కుక్క తరిమింది, పరిగెత్తబోయి ముళ్ళకంచె మీద పడింది, పెద్ద గండం తప్పింది!" నిజం చెబుతున్నాను, ఆ మాట అనేదాకా నాకు ఆ కుక్క సంగతే తెలియదు. హేమలతక్క "ప్రభువుకి స్తోత్రం" అంది. మా అమ్మాయి నోరు మూసుకుంది, చేతి అంచు కిందికి లాక్కుంది.

తర్వాత నేను చేసింది వింటే మీకు నవ్వొస్తుంది, నాకు మాత్రం ఇప్పుడు రావడం లేదు. ఒక కుక్కతో మొదలైన కథ బుధవారం ప్రార్థన కూటానికి మూడు కుక్కలైంది. తర్వాతి ఆదివారానికి డాక్టరు ఒకాయన వచ్చి చేరాడు, "నరం తెగింది, ఈ చెయ్యి ఇక పనికిరాదు" అన్నాడు, మేము మోకాళ్ళూనాం, మూడో రోజుకి చెయ్యి లేచింది. బాపట్ల కూడికకి నా మైకుసెట్టు బండిలో వేసుకుని వెళ్తుంటే దారి పొడుగునా డ్రైవరుకి ఇదే చెప్పాను, కర్లపాలెం దాటేసరికి కుక్కలు ఏడయ్యాయి, తెల్లని బట్టలేసుకున్న ఎవరో చెరువు గట్టు మీద నిలబడి వాటిని ఒక్క చూపుతో ఆపేశారు!

వెనక పెట్టెల మధ్య మా ఆవిడా, అమ్మాయీ కూర్చుని ఉన్నారు. వాళ్ళకి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

బాపట్లలో పందిరి నిండిపోయింది. ప్రసంగం చెప్పాల్సిన సేవకులు దారిలో ఆలస్యమయ్యారు. కూడిక పెట్టినాయన నా దగ్గరికొచ్చి, "మైకు అన్నా, ఆయన వచ్చేలోపు మంచి సాక్ష్యం ఒకటి చెప్పరాదూ, జనం కదులుతున్నారు" అన్నాడు. నాకు చెప్పాలా! ఎక్కాను. చెప్పాను. మీకు తెలిసిందే, మనవాళ్ళలో స్వస్థత సాక్ష్యం చెప్పాక స్వస్థత పొందిన మనిషిని ముందుకి పిలిచి చూపించడం ఆనవాయితీ, లేకపోతే సాక్ష్యం సగంలో ఆగిపోయినట్టుంటుంది. నేను స్త్రీల వైపు తిరిగి మా అమ్మాయిని పేరు పెట్టి పిలిచాను. కదల్లేదు. మైకులో మళ్ళీ పిలిచాను, "రా తల్లీ, దేవుని కార్యం దాచకూడదు" అన్నాను. పందిట్లో తలలన్నీ తిరిగాయి. అప్పుడు లేచి వచ్చింది. తన చేత్తో తనే అంచు పైకి మడుచుకుని, ఆ చెయ్యి అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

ఆ నిమిషంలో నేను కళ్ళు మూసుకుని మైకులో పెద్దగా ప్రార్థన చేశాను: "ప్రభువా, నా బిడ్డ చేతిని నాకు తిరిగి ఇచ్చావయ్యా, ఈ మచ్చలు నీ ప్రేమకి గుర్తులయ్యా!"

దిగాక ఆడవాళ్ళు చుట్టూ మూగారు. కర్లపాలెం వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె, మరియమ్మగారు, మా అమ్మాయి చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుని, "బంగారు తల్లీ, ఒక్కసారి ఈ చెయ్యి నా మోకాళ్ళ మీద పెట్టమ్మా, రెండేళ్ళుగా కూర్చుంటే లేవలేను" అంది. పదహారేళ్ళ పిల్ల, ఏం చేస్తుంది? వంగి, పెట్టింది. నేను దూరం నుంచి చూసి మురిసిపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు "చూశావా, నీ వల్ల ఎంతమందికి ఆశీర్వాదమో!" అన్నాను. తను బయటికి చూస్తూ కూర్చుంది.

సరిగ్గా నాలుగు రోజులు. అయిదో రోజు మధ్యాహ్నం మా ఆవిడ పెట్టిన కేకకి నేను పరిగెత్తాను. ఏం చూశామో రాయను, ఎవరూ అడగొద్దు. ప్రాణానికి ముప్పు లేదు, దేవునికి స్తోత్రం, కానీ ఇంతకుముందు ఉన్నదానికంటే చాలా ఎక్కువ. మా ఆవిడ శుభ్రం చేసి కట్టు కడుతోంది. నేను గట్టిగా అడిగాను, "ఎందుకమ్మా? ఎందుకు ఇలా చేసుకుంటున్నావు? మాకు చెప్పొచ్చు కదా?"

అప్పుడు మా అమ్మాయి నా ముఖంలోకి చూసి, కోపం కూడా లేకుండా అంది: "దేవుడు బాగు చేసేశాడని అందరికీ చెప్పావు కదా నాన్నా. ఇంక నేను ఎవరికి చెప్పుకోను?"

ఇంకో మాట కూడా అంది. ఆ ఆదివారం హేమలతక్కకి అంతా చెప్పేద్దామనుకుందట. రెండు వారాల నుంచి ఏ మాట ముందు, ఏ మాట తర్వాత అని మనసులో కూర్చుకుంటోందట. అక్క అడగనే అడిగింది, తను నోరు తెరవనే తెరిచింది. ఆ తర్వాతి మాట నాది.

సహోదరులారా, ప్రార్థన చేద్దామని సామాన్ల గదిలోకి వెళ్ళి మోకాళ్ళూనాను. "ప్రభువా, నేను తెలియక చేశాను" అన్నాను. అది నిజం కాదు, తెలిసే చేశాను. "ప్రభువా, పిల్ల పరువు కోసం చేశాను" అన్నాను. అదీ నిజం కాదు, పరువు నాది. దేవుడి ముందు కూడా కథ చక్కగా సర్ది చెబుతున్నాను చూడండి! మూడోసారి ఇంకేదీ సర్దలేదు. స్పీకరు పెట్టెకి తల ఆనించి ఏడ్చాను, అంతే.

సాయంత్రం మా సంఘ పాస్టరు అయ్యగారింటికి వెళ్ళాను. అయ్యగారు ఊళ్ళో లేరు, అమ్మగారు అరుగు మీద బెండకాయలు తరుగుతున్నారు. ఆవిడకి అంతా చెప్పాను, "ఎవరికీ తెలియకుండా ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చెయ్యండి అమ్మగారూ" అన్నాను.

ఆవిడ కత్తి పక్కన పెట్టారు. "ప్రార్థన చేస్తాను, ఎందుకు చెయ్యను? బిడ్డ కాలు విరిగితే కట్టు కట్టించడం మానేసి నూనె రాస్తూ కూర్చుంటామా? తెనాలిలో మనసుకి చూసే డాక్టరమ్మ ఉన్నారు. రేపు పొద్దున్న బండికి బయల్దేరండి, నేనూ వస్తాను, ప్రార్థన రైల్లో చేసుకుందాం."

"ఎవరైనా చూస్తేనో అమ్మగారూ?"

"చూస్తే చూడనివ్వండి. చూడకూడనిదంతా బాపట్లలో చూపించేశారుగా!"

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. గుచ్చుకోనివ్వండి.

తెనాలిలో ఆ డాక్టరమ్మగారి వరండాలో మా ఆవిడా, అమ్మాయీ, అమ్మగారూ, నేనూ బెంచీల మీద కూర్చున్నాం. నా పక్కన చేపల వ్యాపారం చేసుకునే ఒకామె, అడవులదీవి నుంచి కూతుర్ని తీసుకొచ్చింది. ఊరకే ఉండలేక మాట కలిపింది.

"మీ పాపకేమైందన్నా?"

"కంచె గీసుకుందమ్మా" అన్నాను. చూశారా, అక్కడ కూడా!

ఆమె ఒక క్షణం మా అమ్మాయి కట్టు వంక, ఒక క్షణం నా వంక చూసింది. "మా పిల్లకి చేప ముల్లు గీసుకుందని మా పేటంతా చెప్పానన్నా. మా అత్త గంగమ్మతల్లికి మొక్కుకుంది. తగ్గితేగా!"

ఎదురు బెంచీ మీద తెల్ల గడ్డం పెద్దాయన ఒకాయన, తెనాలిలోనే టైలరింగు చేసే మస్తానుగారు, మనవరాలితో వచ్చాడు. మమ్మల్ని వింటూ వింటూ నెమ్మదిగా అన్నాడు, "మేము మిషను మీద గీసుకుందన్నాం బాబూ. దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించాం."

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. దేవుణ్ణి కొలిచే తీరు మూడు రకాలు, బతుకు తెరువులు మూడు రకాలు, పిల్లల చేతుల మీద ఉన్నది మాత్రం ఒకటే, దానిమీద మేం కప్పిన గుడ్డ కూడా ఒకటే. కథలల్లడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఆ బెంచీల మీద అందరూ నా సాటివాళ్ళే. మా ముగ్గురు పిల్లలూ తలలు దించుకుని, ఎవరి చేతి అంచులు వాళ్ళు లాక్కుంటూ కూర్చున్నారు.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మగారు నెమ్మదస్తురాలు. ముందు నన్నే అడిగారు, "చెప్పండి, ఏం జరిగింది?" నేను నోరు తెరిచాను. "అదేంటంటే మేడమ్, మాకు రొయ్యల చెరువుల దగ్గర..." అలవాటు, సహోదరులారా, అలవాటు! మా అమ్మాయి నన్ను చూడలేదు, గోడ వైపు తిరిగింది. ఆ తిరగడం నేను చూశాను. లోపల్లోపల అన్నాను: "తండ్రీ, నా నోరు నా మాట వినడం లేదు, నువ్వు పట్టుకో." పట్టుకున్నాడు! ఏడు కుక్కల్ని ఆపాడని ఎవరి గురించి కథ చెప్పానో, ఆయన నా నాలుకని ఆపాడు. ఇందులో ఒక్క అక్షరం కూడా నేను పెంచలేదు.

"లేదు మేడమ్" అన్నాను. "కుక్కా లేదు, కంచే లేదు. ఏం జరిగిందో నాకు తెలియదు. నేను అడగలేదు."

మా అమ్మాయి ఇటు తిరిగింది.

డాక్టరమ్మగారు నన్ను బయట కూర్చోమన్నారు. గంటసేపు ఆ తలుపు వంక చూస్తూ కూర్చున్నాను. లోపల నా బిడ్డ ఎవరితోనో మాట్లాడుతోంది, ఒక్క మాట నాకు వినిపించదు, వినే అర్హత నాకు లేదు. తర్వాత నన్నూ, మా ఆవిడనీ పిలిచి డాక్టరమ్మగారు చెప్పింది ఇంత: "నేను కొన్నేళ్ళు వేరే దేశంలో కూడా పని చేశాను. ఈ వయసు పిల్లల్లో ఇది అక్కడా చూశాను, ఇక్కడా చూస్తున్నాను. ఒకళ్ళింట్లో దయ్యమంటారు, ఇంకొకళ్ళింట్లో పొగరంటారు, ప్రేమ వ్యవహారమని కొడతారు. లోపలి బాధ మోయలేక, చెప్పుకోలేక ఇలా చేసుకుంటారు. చనిపోదామనే అందరూ చెయ్యరు, అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. తిట్టొద్దు, కాపలా పోలీసుల్లా ఉండొద్దు. దగ్గరుండండి. మళ్ళీ మళ్ళీ తీసుకురండి."

కారణం ఒకటే ఉండదని కూడా చెప్పారు. కానీ ఒకటి మాత్రం మా అమ్మాయి నాకు చెప్పమందట. హాస్టల్లో తను పరీక్షల్లో వెనకబడింది. నేనేమో రేపల్లెలో మా పిల్ల కాలేజీ ఫస్టని, లెక్చరర్లే దాన్ని డౌట్లు అడుగుతారని చెప్పుకుంటూ తిరిగాను. ఆ మాట ఇక్కడి పిల్లల నోట తెనాలి హాస్టలు దాకా వెళ్ళింది. పిల్లలు నవ్వారు. "నాన్న చెప్పే అమ్మాయి వేరే ఎవరో ఉంది. ఆ అమ్మాయంటే నాకు అసహ్యం" అందట.

అది విన్నాక నాలో ఒక ఆవేశం వచ్చింది. ఇంటికొస్తూనే అన్నాను, "బాపట్లలో అదే చోట కూడిక పెట్టిస్తాను, అదే స్టేజీ ఎక్కి, అందరి ముందూ ఏడ్చి ఒప్పుకుంటాను!"

మా అమ్మాయి అంది, "మళ్ళీ స్టేజీయేనా నాన్నా?"

నన్నడగకుండా నా సంగతి చెప్పకు అంది, చెప్పాల్సినవాళ్ళకి మైకు లేకుండా చెప్పు అంది. కుక్క, కంచె, డాక్టరు, మూడో రోజు స్వస్థత, అవన్నీ కల్పితమని చెప్పు, అసలేమిటో నేను చెప్పమన్నప్పుడు చెప్పు అంది. అలాగే బయల్దేరాను. బస్సెక్కి ఒక్కొక్క గుమ్మం ముందూ నిలబడ్డాను. హేమలతక్క విని కూర్చుండిపోయింది, "అడిగి కూడా వినకుండా వెళ్ళిపోయానా నేను" అని తనని తనే అనుకుంది. కూడిక పెట్టినాయన నన్ను లోపలికి రమ్మనలేదు, న్యాయమే. మరియమ్మగారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి చెప్తే, ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అయితే నా మోకాళ్ళు తగ్గినట్టు అనిపించింది కూడా అబద్ధమేనంటావా?" అంది. తర్వాత తనే అంది, "ఆ రోజు ఆ బిడ్డ చెయ్యి వణికిందయ్యా. ఈ పిల్లకే ఏదో కావాలి, నా దగ్గర అడగలేకపోతోంది అనుకున్నా. జనంలో పడి నేనూ అడగలేదు." అక్కడికక్కడే ఆ మోకాళ్ళ మీద కష్టంగా వంగి ఆమె చేసిన ప్రార్థన నాకు మాట మాట గుర్తుంది: "అయ్యా, ఆ పిల్లకి ఏమైందో నాకు తెలియదు, నీకు తెలుసు. దాని పక్కన ఉండు. ఈ తండ్రికి వినడం నేర్పు." ముక్కూ ముఖం తెలియని ముసలితల్లి ఒక్క క్షణం చెయ్యి పట్టుకుని కనిపెట్టింది. కన్నతండ్రిని నేను.

ఇప్పటి సంగతి చెబుతాను, ఉన్నదున్నట్టు. హాస్టలు మానిపించి ఇక్కడే చేర్పించాం, ఒక ఏడాది వెనకబడింది, ఫరవాలేదు. తెనాలికి వెళ్తూనే ఉన్నాం. ఆ అడవులదీవి అమ్మాయితో మా అమ్మాయికి స్నేహం కుదిరింది, ఏం మాట్లాడుకుంటారో మాకు చెప్పరు. పూర్తిగా బాగైపోయిందని నేను చెప్పను, మధ్యలో ఒకసారి మళ్ళీ జరిగింది. కానీ ఈసారి తనే వచ్చి వాళ్ళమ్మకి చెప్పింది, చెయ్యి చూపించింది. నా లెక్కలో విడుదల ఆ రోజే మొదలైంది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం నేను వరండాలో తెగిన వైరు అతుకుతున్నాను. మా అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నాన్నా, ఇవాళ నాకు బాలేదు. చెయ్యి మీదకి వెళ్తోంది మనసు" అంది. పాత మనిషినైతే వెంటనే ఏదో ఒకటి చెప్పి నవ్వించబోయేవాణ్ణి. పని కింద పెట్టి, "ఏం చెయ్యమంటావమ్మా?" అని అడిగాను.

"ఏం చెప్పకు. కూర్చో."

కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. నా లోపల ఒకటే ప్రార్థన: "ప్రభువా, ఉండు. ప్రభువా, ఉండు." ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. వాళ్ళమ్మ మజ్జిగ తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టి, తనూ అక్కడే కూలబడింది. చాలాసేపటికి మా అమ్మాయి పెద్దగా ఊపిరి వదిలి, గ్లాసు అందుకుని, "ఇప్పుడు కాస్త తేలికగా ఉంది" అంది. ఆ ఒక్క మాట కోసం ఆయనకి నేను బతికినన్నాళ్ళూ వందనాలు చెల్లించినా తీరదు!

ప్రియులారా, మీ ఇళ్ళల్లోనూ ఎండల్లో చేతులు కప్పుకు తిరిగే బిడ్డ ఉండొచ్చు. మన సంఘమైనా, పక్క పేటైనా, ఇంకో దేశమైనా ఆ బిడ్డ బాధ ఒకటే. సిగ్గుపడి దాచకండి, గొప్ప కోసం చూపించకండి. పక్కన కూర్చుని అడగండి, చెప్పిందాకా ఆగండి, చెప్పింది నమ్మండి, ఆలస్యం చెయ్యకుండా వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి, దారిలో ప్రార్థించండి. మన దేవుడికి మన అబద్ధాలు అక్కర్లేదు, ఉన్న నిజాన్ని ఉన్నట్టు తెచ్చి ఆయన ముందు పెడితే ఆయన ముఖం తిప్పుకోడు. నిజం చెప్పాక నా బిడ్డా తిప్పుకోలేదు. ఘనత అంతా ఆయనది, సిగ్గంతా నాది. ఆయన్ని నమ్మండి. బిడ్డ నోరు తెరిచినప్పుడు మాత్రం, దయచేసి, మీరు మాట్లాడకండి.